కిటికీ పక్క కుర్చీలో తౌనో

తౌనో హిర్వెలాకి ఉన్నది ఒకటే జబ్బు. పక్క బల్ల దగ్గర ఇంకో మనిషి కూర్చుని తింటుంటే ఆయనకి ముద్ద దిగదు.

మా ఊరు తాంపెరే నగరపాలికలో, నీటి మీటర్ల శాఖలో, ఆయనా నేనూ పదకొండేళ్ళు జంటగా తిరిగాం. ఆయన మీటరు చదివేవారు, నేను రాసుకునేవాణ్ణి. పొద్దున్న పదకొండయ్యేసరికి ఊరందరితో పాటు మాకూ ఆకలేసేది. ఊరందరూ మంచి వాసన వచ్చిన వైపు వెళ్ళేవారు. తౌనో మాత్రం ఏ హోటల్లో ఈగ కూడా వాలడం లేదో వెతికి మరీ నన్ను అక్కడికి లాక్కెళ్ళేవారు.

"గురువుగారూ, ఎదుటి బర్గర్ కొట్టు చూడండి. జనం కిటకిటలాడిపోతున్నారు. బాగుంటుందనేగా?"

"కిటకిటలాడిపోతున్నారు కాబట్టే వద్దన్నాను."

"ఇక్కడ ఒక్కడూ లేడే!"

"అదేగా సుఖం. పద."

లోపలికి వెళ్ళాక కూడా ఆయన పద్ధతి ఆయనదే. కిటికీ పక్క బల్ల కావాలి. మొహం వీధి వైపే ఉండాలి. మొదటి ముక్క కొరకగానే కళ్ళు మూసుకుని, కనుబొమలు నెత్తి దాకా ఎత్తి, ఆహా అన్నట్టు తల ఊపాలి. కొరికింది అట్టముక్కలా ఉన్నా సరే, ఊపడం మానరు. సగం తిన్నాక బూడిదరంగు కోటు విప్పేసి, జేబులోంచి ఎర్రటి ఉన్ని టోపీ తీసి పెట్టుకుని, ఎదుటి కుర్చీలోకి మారేవారు.

"ఇదేంటి గురువుగారూ?"

"అక్కడ గాలి తగులుతోంది."

పావుగంటకి టోపీ తీసేసి, కళ్ళజోడు పెట్టుకుని, మూడో కుర్చీలోకి వెళ్ళేవారు.

"ఇప్పుడేమైంది?"

"ఇక్కడ అసలు తగలడం లేదు."

ఆ పదకొండేళ్ళలో నేను తిన్న బర్గర్లు పగవాడికి కూడా వద్దు. వాగు పక్కన ఒకాయన మాకు బర్గర్‌తో పాటు కత్తి ఇచ్చాడు. కాసేపు చూసి, ఇంకా పెద్ద కత్తి తెచ్చిచ్చాడు. స్టేషను వెనక ఒకావిడ మేం ఆర్డరు చెప్పగానే, "నిజంగానే తింటారా?" అని అడిగింది. ఇంకోచోట ఓనరు మాకు క్యారెట్ బర్గర్లు వడ్డించి, తను మూలన కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ విప్పాడు.

"చూశారా, ఆయన చేసింది ఆయనే తినడం లేదు!"

"మెల్లగా మాట్లాడు. పాపం, అన్నం తింటున్నాడు."

సరే, బాగోలేని చోటికి వెళ్ళడం ఒక ఎత్తు. బాగుపడ్డ చోటి నుంచి లేచిపోవడం ఇంకో ఎత్తు. రెండో బల్ల నిండితే తౌనో కాలు ఊపడం మొదలుపెడతారు. మూడో బల్ల నిండిందా, చేతిలో సగం బర్గర్ ఉన్నా లేచి కోటు తొడుక్కుంటారు.

రైలు వంతెన కింద ఒక కొట్టులో నలభై రోజులు పచ్చి మాంసం బిళ్ళలు తిన్నాం. నలభై ఒకటో రోజున ఆ వంటాయనకి పొయ్యి లొంగింది. బర్గర్ అమోఘంగా ఉంది. నేను రెండు ముక్కలు కొరికానో లేదో, పిల్లల తల్లి ఒకామె వచ్చింది, వెనకాలే ఇద్దరు విద్యార్థులు, వాళ్ళ వెనక ట్రామ్ డిపో వాళ్ళు. తౌనో లేచారు.

"సందడి ఎక్కువైంది."

"గురువుగారూ, ఇవాళే కదండీ మొదటిసారి ఉడికింది!"

"పార్సిల్ కట్టించుకో."

ఆ వంటాయన గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చి, తౌనో చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. తౌనో చెయ్యి లాక్కుని, "మీ కుళాయి కారుతోంది, చూసుకోండి" అని వెళ్ళిపోయారు. ఆయన మర్యాదకి నేనే తల దించుకోవాల్సి వచ్చింది.

ఆ కడుపుమంటతోనే పోయిన చలికాలం ఆఫీసులో ఒక మాట పుట్టించాను. "తౌనో కిటికీలో కనబడ్డాడంటే ఆ హోటల్ గడప తొక్కకండి. అక్కడ తిండి దండగ" అని. అందరూ పగలబడి నవ్వారు. ఫిర్యాదుల విభాగంలో మర్కెట్టా అని ఒకామె ఉంది, ఆమె చెవిలో పడిన మాట ఊరంతా తిరగడానికి వారం చాలు. నెల తిరిగేసరికి ట్రామ్ డ్రైవర్లు కూడా నాకే ఆ మాట చెప్పి నవ్వడం మొదలుపెట్టారు. పుట్టించింది నేనేనని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అక్టోబరులో తౌనో నన్ను తమ్మెలా బజారు వెనక సందులోకి తీసుకెళ్ళారు. సైయా అనే ఆవిడ కొత్తగా తెరిచిన బర్గర్ కొట్టు. పంతొమ్మిదేళ్ళు బడి వంటింట్లో పనిచేసి, ఉన్నదంతా పెట్టి, ఇది పెట్టుకుంది. మామూలుగానే లోపల ఎవరూ లేరు. మామూలుగానే కిటికీ పక్కన కూర్చున్నాం. నేను నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకుని, ధైర్యం కూడగట్టుకుని కొరికాను.

నల్ల రొట్టె బన్ను. పొగబెట్టిన జున్ను. పుల్లటి బీట్‌రూట్. నేను గ్లాసు ముట్టుకోలేదు. తౌనో వంక చూస్తే, ఆయన కళ్ళు మూసుకుని కనుబొమలు ఎత్తి ఉన్నారు. రోజూ చేసేదే, కానీ ఈసారి మొహం వీధి వైపు తిప్పడం మరిచిపోయారు.

"ఇంత బాగా వండుతున్నావు, ఈ ఖాళీ ఏంటమ్మాయ్?" అని అడిగారు.

"తలుపు దాకా వస్తారండీ. అద్దంలోంచి చూస్తారు. వెళ్ళిపోతారు" అంది సైయా. "నెలాఖరుకి ఇంటాయన అద్దె కాగితం తిరగరాయాలి. ఇలా ఈగలు తోలుకుంటుంటే రాయనన్నాడు. ఫోన్లకి తొడుగులు అమ్మేవాళ్ళు ఈ చోటు అడుగుతున్నారట."

"మరి నువ్వు?"

"మళ్ళీ బడికే. నా పని ఇంకొకరికి ఇచ్చేశారు. గిన్నెలు తోమే పని ఉందన్నారు."

మర్నాటి నుంచి రోజూ అక్కడే. తౌనో ఒక్క భోజనంలో నాలుగు టోపీలు మార్చారు. అయినా రెండో మనిషి రాలేదు. వింతేమిటంటే, జనం నిజంగానే తలుపు దాకా వచ్చేవారు. అద్దంలోంచి తౌనోని చూసి ఉలిక్కిపడి వెనక్కి తిరిగేవారు. ఇలా మూడు వారాలు గడిచాయి.

మూడో వారం గురువారం నాడు మర్కెట్టా వచ్చింది. తలుపు మీద రాసి ఉన్న వంటకాల పట్టీ చదివింది. వాసన పీల్చింది. పిడి మీద చెయ్యి వేసింది. అప్పుడు తౌనోని చూసింది. చెయ్యి తీసేసింది. నా వైపు జాలిగా ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.

జనం ఎందుకు వెనక్కి పోతున్నారో అప్పుడు వెలిగింది నాకు.

"గురువుగారూ, ఒకటి చెబితే కోప్పడరుగా?"

"కోప్పడను. చెప్పు."

ఊళ్ళో తిరుగుతున్న మాట చెప్పాను. తౌనో బర్గర్ కింద పెట్టారు. గదిలో జనం లేకుండా ఆయన బర్గర్ కింద పెట్టడం పదకొండేళ్ళలో అదే మొదలు.

"అందుకేనా ఏడాదిగా ఒక్క చోట కూడా నాకు లేచే పని పడలేదు! ఎవడోయ్ ఈ మాట పుట్టించింది?"

"మన ఆఫీసులోనే... ఎవరో."

"ఎస్కో, నా వైపు చూసి చెప్పు."

"నేనేనండీ."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఎర్ర టోపీని మోకాలి మీద పెట్టుకుని నిమురుతూ కూర్చున్నారు.

"మనవాళ్ళు ఖాళీ హోటల్లోకి అడుగు పెట్టరోయ్. పెడితే ఓనరు పలకరిస్తాడు, జవాబు చెప్పాల్సొస్తుంది. ఆ భయానికి పస్తయినా ఉంటారు. లోపల ఒక తల కనబడిందనుకో, కాస్త ధైర్యం. మూడు తలలు కనబడితే నిశ్చింత."

"అందుకా టోపీలు?"

"నాకున్నది ఒక్కటే తల. ఏం చెయ్యమంటావు?"

"మరి జనం రాగానే లేచిపోవడం?"

"వచ్చాక ఇంక నాతో పనేంటి? కిటికీ పక్క బల్ల వాళ్ళకి పనికొస్తుంది." వీధి వైపు చూస్తూ అన్నారు: "మా అక్క సిల్వి కాఫీ కొట్టు పెట్టిందిలే, ఒకప్పుడు. దాల్చినచెక్క బన్నులు దివ్యంగా చేసేది. నాలుగు నెలలు నడిచింది. నేను రోజూ ఆ వీధిలోనే మీటర్లు చదివేవాణ్ణి. లోపల ఎవరూ లేరు కదా, మొహమాటం... అని నేనూ దాటుకుని పోయేవాణ్ణి."

నాకు సిగ్గేసింది. పదకొండేళ్ళు ఈ మనిషి పక్కన కూర్చుని, ఈయన తిండికి వంకలు పెడుతూ, నేనేదో త్యాగం చేస్తున్నాననుకున్నాను.

తౌనోకి నా సిగ్గుతో పనిలేదు. "నేను లోపలుంటే జనం రారంటావు. అయితే బయటుంటాను" అన్నారు.

మర్నాడు సన్నగా మంచూ వానా కలిసి పడుతోంది. కొట్టు తెరిచేది పదకొండుకి. పదిన్నరకే తౌనో వెళ్ళి మూసి ఉన్న తలుపు ముందు నిలబడ్డారు. నన్ను రెండు మీటర్లు వెనక నిలబెట్టారు.

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. మాట్లాడకు. లోపల ఏదో ఇస్తారన్నట్టు ముందుకి చూస్తూ ఉండు."

మావాళ్ళకి క్యూ అంటే ప్రాణం. ఎంతమంది ఉన్నా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కదా. కొత్త కొట్టు తెరిచిన రోజున ప్లాస్టిక్ బకెట్లు ఊరికే ఇస్తారంటే, ఇంట్లో ఎనిమిది బకెట్లున్నవాడు కూడా తొమ్మిదోదాని కోసం మంచులో గంటసేపు నిలబడతాడు. నా దగ్గర పదమూడున్నాయి.

ముందు చక్రాల సంచీ లాక్కుంటూ ఒక ముసలావిడ వచ్చింది. మమ్మల్ని చూసింది. కళ్ళతోనే రెండు మీటర్లు కొలుచుకుని నా వెనక నిలబడింది. ఆమె వెనక ఒక పోస్టుమనిషి. ఆయన వెనక నలుగురు. పది నిమిషాల్లో వరస సందు మలుపు తిరిగింది. అప్పుడు మొదలైంది గుసగుస.

"బకెట్లేనా?"

"అనుకుంటా."

"ఏ రంగువి?"

"పసుపంటున్నారు."

"మూత కూడానా?"

ఆ ప్రశ్న నోళ్ళు మారుతూ నా దాకా వచ్చింది. అబద్ధమాడటం ఇష్టంలేక, "నాకేం తెలీదండీ" అన్నాను. "ఈయనకి తెలుసు, చెప్పడం లేదు" అని ఆ మాట వెనక్కి వెళ్ళింది. ఇంకో పదిమంది చేరారు.

ఇంతలో మర్కెట్టా గొంతు వినబడింది. "ముందున్నది తౌనోనా? తౌనో జనంలో నిలబడ్డాడా?" ఇంకేమీ అడగకుండా వరస తోక వైపు పరుగెత్తింది.

పదకొండింటికి సైయా తలుపు తీసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందండీ? ఎక్కడైనా నిప్పంటుకుందా?"

"ఏమీ కాలేదమ్మాయ్. పొయ్యి వెలిగించు" అని తౌనో తలుపు పట్టుకుని పక్కకి తప్పుకున్నారు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళారు. మూడో బల్ల నిండగానే ఆయన తలుపు నా చేతికిచ్చి, "సందడి ఎక్కువైంది" అని ఆ మంచువానలో ఖాళీ కడుపుతో వెళ్ళిపోయారు.

లోపలికొచ్చినవాళ్ళు ఒక్కరు కూడా వెనక్కి పోలేదు. అరగంట నిలబడి ఊరికే వెళ్ళిపోతే, ఎందుకు వెళ్తున్నామో ఎవరికైనా చెప్పాల్సి వస్తుంది. దానికంటే బర్గర్ తినడం సులువు. తిన్నాక మర్కెట్టా ఇంకో బర్గర్‌కి ఆర్డరు చెప్పింది. చక్రాల సంచీ ముసలావిడ మాత్రం మూతి తుడుచుకుని, "మరి బకెట్టు?" అంది. సైయాకి ఏం చెప్పాలో తోచక, ఊరగాయ దోసకాయలు వచ్చే చిన్న పసుపు బకెట్టు కడిగి, దాన్నిండా ఫింగర్ చిప్స్ పోసి ఇచ్చింది. వెంటనే అన్ని బల్లల దగ్గరా చేతులు లేచాయి. వాటిలో ఇంటాయన చెయ్యి కూడా ఉంది. వరసలో పధ్నాలుగోవాడట.

అద్దె కాగితం ఆ సోమవారమే తిరగరాశారు. చిప్స్ ఇప్పటికీ అక్కడ పసుపు బకెట్లలోనే ఇస్తారు.

తౌనో మళ్ళీ ఆ కొట్టులో కూర్చున్నది లేదు. ఇన్నేళ్ళలో ఆయన నాలుకకి నచ్చిన బర్గర్ అదొక్కటే, అక్కడేమో ఎప్పుడు చూసినా బల్లలు ఖాళీ ఉండవు. నేనే పార్సిల్ తీసుకెళ్తే ఆఫీసు వ్యానులో అద్దాలెత్తుకుని తింటారు. సైయా నన్ను చూసినప్పుడల్లా అడుగుతుంది.

"ఆయన్ని ఒక్కసారి రమ్మనండి."

"జనం తగ్గాక వస్తారట."

"అయితే రావద్దని చెప్పండి" అని నవ్వుతుంది, ఒక బర్గర్ ఎక్కువే కట్టి ఇస్తుంది.

నేను పుట్టించిన మాటని నేనే చంపాల్సొచ్చింది. మర్కెట్టాని పిలిచి, రహస్యమని చెప్పి మరీ, తౌనో కనబడిన చోట త్వరలో ఏదో ఊరికే ఇస్తారని చెవిలో వేశాను. వారంలో ఊరంతా తిరిగింది.

మొన్న మంగళవారం బస్టాండు పక్కన కొత్తగా ఒక బర్గర్ కొట్టు కనబడింది. లోపల ఎవరూ లేరు. తెల్లటి ఏప్రన్ కట్టుకున్న ఒకాయన తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తున్నాడు.

"పద" అన్నారు తౌనో.

కిటికీ పక్కన కూర్చున్నాం. బన్ను తడి, బిళ్ళ మాడు, మధ్యలో ఉన్నదేమిటో నేను అడగదలచుకోలేదు. తౌనో కళ్ళు మూసుకుని, కనుబొమలెత్తి, తల ఊపారు. తరవాత జేబులోంచి నీలం రంగు ఉన్ని టోపీ ఒకటి తీసి, బల్ల మీద నా వైపు జరిపారు. కొత్తది. చీటీ కూడా తియ్యలేదు.

"ఇదేంటి గురువుగారూ?"

"అక్కడ నీకు గాలి తగలడం లేదూ?"

"తగులుతోందండీ" అన్నాను. టోపీ పెట్టుకుని ఎదుటి కుర్చీలోకి మారాను. అద్దం అవతల ఎవరో ఒకామె గొడుగు పట్టుకుని ఆగింది. నేను ఇంకో ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, కనుబొమలు ఎంత ఎత్తగలనో అంత ఎత్తాను.