మజ్జిగ దాకా ఉండని అతిథి

నేనీమధ్య ఎవర్నీ భోజనానికి పిలవడం లేదు. వంట చేస్తాను, గిన్నెలు తెచ్చి బల్ల మీద పెడతాను, గరిట పక్కన పెట్టి అవతలికి పోతాను. మా ఆవిడ మొదట్లో ఇదేదో నా కొత్త రకం వేళాకోళం అనుకుంది. తర్వాత ఏమైందని అడిగింది. గొంతు బాగోలేదన్నాను. ఏడాది కావస్తోంది. పిలుపుకు రాని గొంతు మిగతా వాగుడంతటికీ ఎలా వస్తోందని ఆమె అడగలేదు. నాకు దొరికిన మనిషి అంత మంచిది.

గొంతు సంగతి చెప్పాలంటే ముందు చదువు సంగతి చెప్పాలి. ఎక్కువసేపు పట్టదు. ఎనిమిదో తరగతి సగంలో లెక్కలు నన్ను వదిలేశాయి, నేను బడిని వదిలేశాను. మా గోదావరి వైపు పెళ్ళిళ్ళకు వండే ఒక మేస్త్రి దగ్గర చేరితే, పొయ్యి దగ్గరికి రానివ్వకుండా వడ్డనకు పెట్టాడు. నా నోరు విన్నాక పిలుపుకు కూడా నన్నే పెట్టాడు. పందిట్లో విస్తళ్ళు వేశాక, కబుర్లలో పడ్డ మగపెళ్ళివారిని లేపడం సామాన్యమైన పని కాదు. నేను గరిటతో బకెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, "బావగారూ, వడ్డించేశాం, రండి! పప్పు చల్లారితే మా పూచీ లేదు!" అని అరిచేవాణ్ణి. తిట్టుకునేవాళ్ళు కూడా నవ్వుకుంటూ లేచేవారు.

మేస్త్రి నాకు నేర్పినవి రెండే రెండు. మొహమాటస్తుడి మొహం చూడకూడదు, విస్తరి చూడాలి. మొహం చూసి "ఇంకొంచెం?" అంటే వద్దంటాడు. చూడకుండా వేసేసి ముందుకు పోతే తింటాడు. ఇది మొదటిది. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి ఎంత పగవాడైనా లేపకూడదు, ఇది రెండోది. ఒకసారి పిలవని పేరంటానికి వచ్చి కూర్చున్న ఒకాయన్ని ఆడపెళ్ళివారు రెక్క పట్టుకుని లేపబోతే, మేస్త్రి సాంబారు బకెట్‌తో సహా అడ్డం నిలబడ్డాడు. "మజ్జిగ అయ్యేదాకా ఆగండి బాబూ. ఆ తర్వాత మీరూ మీరూ కొట్టుకోండి" అన్నాడు.

మొదటిదాన్ని నేను కెనడాలో ఒక ఎలుగుబంటి మీద వాడాను. రెండోది మర్చిపోయానని రాస్తే బాగుండేది. గుర్తుంది.

స్కార్‌బరోలో ఒక వంటింట్లో పనిచేస్తాను. శని, ఆదివారాల్లో ఇళ్ళల్లో పార్టీలకు వండిపెడతాను. అలా పరిచయమైనవారే రిచ్‌మండ్ హిల్‌లో ఉండే సార్. హైదరాబాద్ మనిషి, అమెరికా మీదుగా ఇక్కడికి వచ్చారు, కంప్యూటర్ ఉద్యోగం, వేట పిచ్చి. ఆయనింటి పార్టీల్లో నా జోకులకు గిరాకీ ఉండేది. ట్రేల వెనక నిలబడి నేనొక మాట అనడం, ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు పడీపడీ నవ్వడం. అందరూ కూర్చున్నాక నేను గ్యారేజీలో నిలబడి తినేవాణ్ణి. ఎవరూ అవమానించారని కాదు. "తినేసి వెళ్ళు" అనేవారు. "రా, కూర్చో" అనేవారు కాదు. ఆ రెండు మాటలకీ మధ్య దూరం ఎంతో వడ్డించినవాడికి తెలుస్తుంది.

పోయిన వసంతంలో మా వంటిల్లు రిపేర్లకని మూడు వారాలు మూశారు. ఆ సంగతి విన్న సార్ ఫోన్ తీసి నాకొక ఫొటో చూపించారు. నార్త్‌లో నాలుగు గంటల దూరాన ఆయనకో అడవి ముక్కా అందులో ఒక చెక్క ఇల్లూ ఉన్నాయి. అక్కడ చెట్టుకు కట్టిన కెమెరా తీసిన ఫొటో అది. ఎడమ చెవి సగం లేని ఒక పెద్ద మగ ఎలుగు.

"మూడేండ్ల సంది నన్ను ఆడిస్తుంది తమ్మీ" అన్నారు. "నేను మంచె మీద కూర్చున్న రోజు రాదు. గాలికి అవతల నిలబడి వాసన చూసుకొని పోతది. అంతా చీకటి పడ్డంక వచ్చి తింటది. డోనట్లు పెట్టిన, తేనె పెట్టిన. పిల్లులంతేసి రకూన్లు తిని బలిసినయ్ గానీ ఇది పగటిపూట కనపడలే."

"అది మొహమాటస్తుడు సార్" అన్నాను.

"ఏందీ?"

"మీరు మొహం చూస్తూ వడ్డిస్తున్నారు. అదీ తుపాకీ గొట్టంలోంచి చూస్తున్నారు. కొత్తల్లుడైనా తింటాడా అలా?"

ఆయన సోఫాలో వెనక్కి పడి నవ్వారు. "అయితే నువ్వు పోయి వడ్డించరాదు? వస్తే ఏం గావాలె చెప్పు."

నవ్వుతూనే చెప్పాను. జోకులాగే వినపడాలని చాలా జాగ్రత్త పడ్డాను. "వస్తే, తర్వాతి పార్టీకి నేను బంతిలో కూర్చుంటాను. మీరు వడ్డించాలి."

ఆయన నవ్వు ఒక్క క్షణం ఆగింది. "గింతేనా? ప్రామిస్" అన్నారు.

ఆ మూడు వారాలకూ నేను ఆ చెక్క ఇంట్లో మకాం పెట్టాను. అప్పటిదాకా సార్ వారానికోసారి అక్కడి డ్రమ్ము నిండా మేత పోసి వచ్చేసేవారు. ఇక ఎలుగు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చి తినేది. అక్కడే తప్పు జరుగుతోందని నాకర్థమైంది. అంతా ఒకేసారి కుమ్మరిస్తే అతిథికి తొందరేముంది? నేను కొద్దికొద్దిగా పెట్టడం మొదలుపెట్టాను. స్ప్రూస్ చెట్టుకు గొలుసుతో కట్టిన నీలం డ్రమ్ము, దానికి పంజా పట్టేంత కన్నం. అందులో రోజుకో బకెట్ మాత్రమే: ఎండిన బ్రెడ్డు, ఓట్లు, మిఠాయి దుకాణాల వాళ్ళు పారేసే విరిగిన బూందీ లడ్లు, పైన బెల్లం పాకం. వాడేసిన వేపుడు నూనె డ్రమ్ము చుట్టూ పోసేవాణ్ణి. తొక్కినవాడి కాళ్ళకు అంటుకుని ఆ వాసన అడవంతా తిరుగుతుంది. కన్నానికి అడ్డంగా బరువైన దుంగలు పెట్టేవాణ్ణి, రకూన్ల పప్పులు ఉడక్కుండా.

రోజూ సాయంత్రం ఆరింటికే వెళ్ళేవాణ్ణి. అదే దారి, అదే చొక్కా. వంటింట్లో వేసుకునే పాతది, ఎన్నిసార్లు ఉతికినా నూనె వాసన పోనిది. పోయడం అయ్యాక గరిటతో బకెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, "బావగారూ, వడ్డించేశాను, రండి!" అని అరిచి, వెనక్కి చూడకుండా వచ్చేసేవాణ్ణి. ఎలుగును బావ అని ఎందుకన్నానంటే, ఎంత వేళాకోళమాడినా చెల్లే వరస అదొక్కటే కనక.

కెమెరా మీద టైం పడుతుంది. మొదటిరోజు అది వచ్చింది రాత్రి రెండింటికి. నాలుగో రోజుకు పదికి జరిగింది. ఎనిమిదో రోజు ఎనిమిదిన్నరకు, ఇంకా వెలుతురు ఉండగానే. పదకొండో రోజు నేను వెనక్కి తిరిగి వంద అడుగులు వేశానో లేదో దుంగలు దొర్లిన చప్పుడైంది. నేను చూడలేదు. నవ్వొచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులకు పోస్తూ పోస్తూ తల ఎత్తితే, పొదల అంచున కూర్చుని ఉంది. బంతికి ఒక పక్కగా ఆగి, ఎవరైనా చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే బాగుండుననుకునే మనిషిలా. నేను వెంటనే చూపు తిప్పుకుని డ్రమ్ము చూశాను. నల్ల ఈగలు మెడ కొరుకుతుంటే కదలకుండా పాకం పోస్తూ, దానికి కబుర్లు చెప్పాను. గ్యారేజీలో నిలబడి తినే సంగతి కూడా చెప్పాను. ఆ మాట అప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. నా జోకులకు అది నవ్వలేదు. నేను పెట్టింది మాత్రం తిన్నది.

కెమెరా కార్డు నా జేబులో ఉంది. ఆ అడవిలో సార్‌కు తెలిసేదేదైనా నా నోటి నుంచి తెలియాల్సిందే. "రావడం లేదు సార్" అంటే సరిపోయేది. ఆయన మంచి మనిషి, సరేలే అనేవారు. దుకాణం దాకా కారులో వెళ్ళి, సిగ్నల్ దొరికాక ఫోన్ చేశాను.

"సార్, మీ కత్తిపీట కడిగి పెట్టుకోండి. బావగారు దారికొచ్చారు."

ఆ శనివారం ఆయన వచ్చారు. మిగతా ఉపాయమంతా నాదే. ఆయన అడగలేదు, నేనే చెప్పాను.

"మీ వాసన దానికి గిట్టదు సార్. నా చొక్కా వేసుకోండి."

"ఛీ, ఏం కంపు తమ్మీ ఇది!"

"మీకు కంపు, దానికి అమ్మ చీర కొంగు. వేసుకోండి. ఇద్దరం కలిసి వెళ్దాం. మీరు మంచె ఎక్కండి. నేను పోసి, పిలిచి, చప్పుడు చేసుకుంటూ ఒక్కణ్ణే వచ్చేస్తాను. ఇద్దరు వెళ్ళారు, ఒకడే వచ్చాడని దానికి తెలియదు. లెక్కలు రావు దానికి."

"నీకొచ్చా?"

"రావు కాబట్టే దాని సంగతి నాకు తెలుసు."

ఇద్దరం నవ్వుకుంటూ వెళ్ళాం. సార్ నా చొక్కాలో మంచె ఎక్కారు. నేను బకెట్ పోశాను. ఆ రోజు బూందీ కొంచెం ఎక్కువే వేశాను. ఎందుకని అడక్కండి. గరిటతో రెండు దెబ్బలు కొట్టాను. పిలిచాను. గొంతు ఏమీ వణకలేదు, ఎప్పటికంటే బాగా పలికింది. వెనక్కి తిరిగి, ఖాళీ బకెట్ వాయించుకుంటూ నడిచాను. దుంగలు దొర్లిన చప్పుడు విన్నాను. పరిగెత్తవచ్చు, అరవవచ్చు, బకెట్ రాయికేసి కొట్టవచ్చు. ఎన్నో అడుగులు మిగిలే ఉన్నాయి. తర్వాత తుపాకీ పేలింది, ఒక్కసారే.

"వచ్చిండు తమ్మీ! మీ బావ వచ్చిండు!" సార్ కేకలు అడవంతా వినపడ్డాయి.

వెళ్ళేసరికి అది డ్రమ్ము పక్కనే ఒరిగి ఉంది. మూతి నిండా పాకం. నోట్లో బూందీ ముద్ద ఇంకా మింగలేదు. మూడేళ్ళ కోరిక తీరినవాడు సంతోషంగా ఉంటాడనుకున్నాను గానీ, ఆయన నా వంక బెదిరినట్టు చూశారు, నేనేదైనా అంటే బాగుండుననుకుంటున్నట్టు.

అన్నాను. "ఏంటి బావగారూ, మజ్జిగ వడ్డించకుండానే పడుకున్నారు?"

సార్ నవ్వారు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వి, నా భుజం పట్టుకుని ఊపేశారు. నేనూ నవ్వాను. నోట్లో ముద్ద ఉన్నవాణ్ణి చంపిన చోట నిలబడి నవ్వించినవాడు నాకు తెలిసి లోకంలో ఇంకొకడు లేడు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. నెల తిరక్కుండా రిచ్‌మండ్ హిల్‌లో పార్టీ పెట్టారు. వంట మటుకు నేనే చేశాను. ఎలుగు మాంసాన్ని బాగా ఉడకనివ్వాలి, లేకపోతే అందులోని పురుగులతో ప్రమాదం. మూడు గంటలు ఉడికించి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు దట్టించాను. తర్వాత చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరి మధ్యా కూర్చున్నాను. సార్ అందరి ముందూ నా ప్లేటులో తన చేత్తో అన్నం పెట్టి, కూర వేశారు. "తిను, ఇయ్యాల నువ్వే గెస్టువి" అన్నారు.

తిన్నాను. బాగుంది. ఇది రాయకుండా ఉండగలిగితే ఉండేవాణ్ణి, కానీ బాగుంది. ఇంకొంచెం వేయనా అంటే వేయించుకున్నాను. ఎవరో ఎలుగు కథ చెప్పమన్నారు. లేచి నిలబడి చెప్పాను. బకెట్ బదులు స్టీలు గ్లాసు మీద గరిటతో కొట్టి, పిలుపు పిలిచి చూపించాను. చివరి జోకుకు ఒకాయనకు పొలమారింది.

మళ్ళీ కూర్చునేసరికి సార్ గిన్నె పట్టుకుని నా పక్కన ఉన్నారు. "మజ్జిగ పోయించుకోకుండా లేవకు బావా!" అన్నారు. హాలంతా గొల్లుమంది. అప్పటిదాకా ఆయన నన్ను తమ్మీ అనేవారు. ఆ రోజు నుంచి ఆ ఇంటికి వచ్చేవాళ్ళందరికీ నేను బావనే. నేను కోరుకున్నది అదే, అంతకంటే ఎక్కువే దొరికింది. మజ్జిగ పోయించుకున్నాను. చివరి మెతుకు దాకా తిన్నాను. బంతిలో అందరూ లేచాకే లేచాను.

మొన్న సార్ ఫోన్ చేశారు.

"బావా, కెమెరాల ఇంకోటి పడ్డది. దీని తెలివి ముందర పాతది ఏం పనికిరాదు. రెండు వారాలు రారాదు?"

"సెలవు దొరకదు సార్. గొంతు కూడా బాగోలేదు."

"అయ్యో. పోనీ ఆ పిలుపు వాయిస్ నోట్ పంపు. స్పీకర్ల పెడతా. నీ చొక్కా నా దగ్గర్నే ఉంది."

ఇష్టం లేదు అనడానికి మూడు సెకన్లు చాలు. నేను "సరే సార్" అన్నాను.

ఫోన్ పెట్టేసి, బటన్ నొక్కి పట్టుకుని నోరు తెరిచాను. మా ఆవిడ పప్పు తాలింపు పెడుతోంది. ఆ చప్పుడు తప్ప నా నోట్లోంచి ఏదీ రాలేదు. వేలు తీసేస్తే అదే వెళ్ళిపోయింది.

కాసేపటికి సార్ దగ్గర నుంచి జవాబు వచ్చింది. "ఏం వినవస్తలే బావా, ఎవరో తాలింపు వేస్తున్నట్టుంది. మళ్ళ పంపు."

పంపలేదు. ఎందుకు పంపలేదో కూడా చెప్పలేదు. వారం నుంచి రోజుకొక అబద్ధం చెబుతున్నాను, ఫోన్ పాడైందని ఒకరోజు, మర్చిపోయానని ఒకరోజు. అక్కడ సార్ నా చొక్కా వేసుకుని పాకం పోస్తున్నారు. ఇక్కడ మా ఆవిడ గిన్నెలు బల్ల మీద పెట్టి, తనను భోజనానికి పిలవడం నా వంతు కదా అన్నట్టు నా మొహం చూస్తోంది.