గుడ్డీకి నల్ల కళ్లజోడు

ఢిల్లీకి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకున్న హిందీ అంతా పోగేస్తే ఆటో ఎక్కడానికి సరిపోయేది, దిగడానికి చాలేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఆ భాషలో ఎవరు ఏమన్నా నన్ను తిడుతున్నారనే అనుకునేవాణ్ని. తొమ్మిదో తరగతిలో బడి నన్నూ, నేను బడినీ ఒకేసారి వదిలేసుకున్నాం (ఇద్దరికీ హాయిగానే ఉంది, ఎవరూ ఏడవలేదు). తర్వాత చీరాలలో మామయ్య టైలరింగు షాపులో కాజాలు కుట్టాను. మామయ్య షాపు ఎత్తేసేసరికి నాన్న నన్ను తన కోళ్ల షెడ్డులో పెట్టాలని చూశాడు. కోళ్లంటే నాకు భయం. నవ్వండి, పర్వాలేదు. షెడ్డు తలుపు తీయగానే అన్ని తలకాయలూ ఒక్కసారిగా మీ వైపు తిరిగితే అప్పుడు తెలుస్తుంది. ఆ తలకాయల్ని తప్పించుకోవడానికే జనక్‌పురిలో ఉన్న అక్క దగ్గరికి పారిపోయి వచ్చాను.

అక్క ఆస్పత్రిలో నర్సు, బావకి గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక పంజాబీ ఆవిడ ఇంట్లో మేడమీద వాళ్ల కాపురం. కాలనీ అంతా ఆవిడని బీజీ అనేది. మేం ముగ్గురం మాత్రం తలుపు వేసుకుని ‘కర్ఫ్యూ’ అనుకునేవాళ్లం. మెట్ల మీద ఆవిడ చేతికర్ర టక్కుమనగానే మా టీవీ, మిక్సీ, నోళ్లూ వాటంతటవే ఆగిపోయేవి మరి. ఇల్లు ఇద్దరికే ఇచ్చింది. నేను మూడోవాణ్ని. కనిపించినప్పుడల్లా “భాయీ కబ్ జాయేగా?” అని అక్కని అడిగేది, తమ్ముడు ఎప్పుడు వెళ్తాడు అని. “జల్దీ, బీజీ, జల్దీ” అనేది అక్క, తొందర్లోనే అని. చివరికి ఒకరోజు కర్ఫ్యూ తేల్చి చెప్పేసింది. నెలాఖరుకి వీడన్నా వెళ్లాలి, లేదా ముగ్గురూ వేరే ఇల్లన్నా చూసుకోవాలి. ఆ రాత్రి ప్రార్థనలో అక్క చాలాసేపు కళ్లు తెరవలేదు. నేను మాత్రం ఒక కన్ను తెరిచి చూశాను, బావ ఫోన్లో రైలు టిక్కెట్లు వెతుకుతున్నాడు.

పని లేని చెయ్యి ఊరుకోదు కదా. బీజీ మనవరాలికి ఒక బొమ్మ ఉండేది, సన్న నడుమూ పొడుగు కాళ్లూ ఉన్న ఫ్యాషన్ బొమ్మ. మా ఇంట్లో వాళ్లందరి కంటే దానికే ఎక్కువ బట్టలు. ఆ పిల్ల డాబా మీద ఆడుకుంటుంటే, బావ పారేసిన రెగ్జిన్ పర్సు కత్తిరించి ఆ బొమ్మకి ఒక జత చెప్పులు చేసిచ్చాను. తర్వాత సీసా మూతతో హ్యాండుబ్యాగు, రిబ్బను ముక్కతో బెల్టు. పిల్ల అవి పట్టుకుని కింద ఊరేగిందట.

ఇంతలో బీజీకి కంటిలో శుక్లం ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన మర్నాడే, సగం మొహాన్ని కప్పేసే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ, ఆయాసపడుతూ మా మేడెక్కింది. ఇంట్లో నేనొక్కణ్నే. గోడకి అతుక్కుపోయాను. ఆవిడ ఆ బొమ్మని నా చేతిలో కుక్కింది. పిల్ల దాని జుట్టు పీకేసినట్టుంది, బట్టలు కూడా లేవు. “యే దేఖ్ క్యా హాల్ హై. ఇసే ఫిర్ సే గుడ్డీ బనా దే, పుత్తర్. ఠీక్ మేరే బచ్‌పన్ వాలీ జైసీ” అని దిగి వెళ్లిపోయింది.

నా హిందీ జల్లెడలోంచి ఈ మాటల్లో మిగిలినవి మూడే: గుడ్డీ, బనా దే, మేరే జైసీ. దీన్ని గుడ్డిదాన్ని చెయ్యి, అచ్చం నాలాగా. మధ్యలో ఏదో ‘బచ్‌పన్’ అంది, అది ఆవిడ తిట్టేమో అనుకుని వదిలేశాను. పాపం, కళ్లు సరిగ్గా కనిపించక తనని తానే గుడ్డిదాన్నని ఎగతాళి చేసుకుంటోంది కాబోలు, ఎంత పెద్ద మనసో అనుకున్నాను. మెప్పిస్తే నెలాఖరు గండం గడవచ్చని ఆశ కూడా పుట్టింది.

అంత శ్రద్ధగా నేను పెళ్లి బట్టలకి కాజాలు కూడా కుట్టలేదు. దూదితో తెల్లటి ముడి పెట్టాను. గాజుగుడ్డతో చున్నీ వేశాను. చీపురు పుల్ల కొనకి రబ్బరు ముక్క గుచ్చి చేతికర్ర చేశాను. కళ్లజోడే కష్టమైంది. అక్క ఉద్యోగంలో చేరేటప్పుడు తీయించుకున్న ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము మూలలో రెండు గుండ్రాలు కత్తిరించి, బ్రెడ్డు ప్యాకెట్టు తీగతో కలిపి ముక్కు మీద నిలబెట్టాను. (అక్క పక్కటెముకల జోలికి పోలేదు.) కాస్త నడుం వంచాను కూడా. చూస్తే నాకే గుండె ఝల్లుమంది, అచ్చం కర్ఫ్యూ. మధ్యాహ్నం మెట్ల దగ్గర పిల్ల కనిపిస్తే దాని చేతిలో పెట్టి పైకొచ్చాను.

ఆ రోజు బావకి ఇంటి నుంచే పని. చెవులకి హెడ్‌ఫోన్లు, తెర నిండా మనుషులు. నా కళాఖండం సంగతి గర్వంగా చెప్పాను. ఆయన మైకు ఆపేశాడు.

“మళ్లీ చెప్పరా. ఆవిడ ఏమంది?”

“గుడ్డీ బనా దే అంది బావా.”

“ఒరేయ్, గుడ్డీ అంటే బొమ్మరా. బొమ్మని మళ్లీ బొమ్మలా చెయ్యమంది.”

“మరి నాలాగా అంది కదా.”

“బచ్‌పన్ అంటే చిన్నతనం. తన చిన్నప్పటి బొమ్మలాగా అంది. నువ్వేం చేశావ్?”

చెప్పాను. బావ మొహంలో రంగు పోయింది. “ఆపరేషనయిన ముసలావిడకి నల్ల కళ్లజోడూ కర్రా పెట్టి వెక్కిరించావా? నెలాఖరు దాకా కూడా ఆగదురా ఇంక. వెళ్లు, ఆవిడ లేచేలోపు తీసుకురా. నేను సామాన్లు సర్దుతాను” అన్నాడు, మీటింగులో ఎవరో ఆయన్ని పిలుస్తూనే ఉన్నారు.

చప్పుడు కాకుండా మెట్లు దిగాను. ముందుగదిలో పరదాలు వేసి ఉన్నాయి. కంట్లో చుక్కలు వేయించుకుని బీజీ లోపల పడుకుంది. పిల్ల సోఫా మీద కూర్చుని బొమ్మని ‘నడిపిస్తోంది’. ఆ పుల్ల టక్కు టక్కుమంటోంది, మెట్ల మీద వినిపించే చప్పుడే, కాకపోతే చిన్నది.

“చష్మా దే దో, దీదీ” అని బతిమాలాను, కళ్లజోడు ఇచ్చెయ్యక్కా అని. అయిదేళ్ల పిల్లని దీదీ అన్నాను, భయానికి వరసలు తెలియవు.

“నహీ దూంగీ. యే దాదీ హై” అంది పిల్ల, ఇవ్వను, ఇది నానమ్మ అని, ఇల్లంతా వినిపించేట్టు.

నేను బొమ్మని పట్టుకున్నాను. అది వదల్లేదు. అప్పుడు వినిపించింది అసలు కర్ర చప్పుడు, నా వెనకే. బొమ్మ వదిలేశాను. పారిపోదామంటే గుమ్మంలో ఆవిడే ఉంది. కోళ్లన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగినట్టనిపించింది.

“క్యా హై? ఇధర్ లా.”

పిల్ల పరిగెత్తుకెళ్లి ఇచ్చింది. బీజీకి దగ్గరి వస్తువులు ఇంకా సరిగ్గా ఆనడం లేదు. కుర్చీలో కూర్చుని వేళ్లతో తడమడం మొదలుపెట్టింది. దూది ముడి. గాజుగుడ్డ చున్నీ. వేలు ముక్కు మీదికొచ్చి కళ్లజోడు దగ్గర ఆగింది. ఒకసారి తన కళ్లద్దాలు తడుముకుంది, మళ్లీ బొమ్మవి. తర్వాత కర్ర దొరికింది. అక్క బతుకూ బావ బతుకూ ఆ రెండు వేళ్ల మధ్య ఉన్నాయి. నేను ఊపిరి తీసుకోవడం మానేశాను.

“కిస్‌నే బనాయా?” అంది, ఎవరు చేశారు అని.

“భయ్యా నే” అంది పిల్ల, నన్ను చూపించి. ఆ వేలు ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది.

బీజీ బొమ్మని ఒళ్లో పెట్టుకుంది. బొమ్మ కుడిచేతిలోంచి పుల్ల జాగ్రత్తగా లాగి ఎడమచేతిలో పెట్టింది. “డండా ఇస్ హాథ్ మే” అని తన ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. నిజమే, ఆవిడ కర్ర ఎడమచేత్తోనే పట్టుకుంటుంది. అంత కళాకారుణ్ని, అది గమనించలేదు. తర్వాత, ఈ బుడ్ఢీ, అంటే ముసలిది, ఎంతసేపని నిలబడుతుంది, కుర్సీ ఏది అని అడిగింది. నేను బుర్ర ఊపాను, ఆ చీకట్లో నల్లద్దాల్లోంచి ఆవిడకి కనిపించదని గుర్తొచ్చి “జీ” అన్నాను.

సాయంత్రం డ్యూటీ దిగిన అక్క కిందికి వెళ్లి, తమ్ముడు నెలాఖరుకి వెళ్లిపోతాడని చెప్పబోయింది. “కుర్సీ కౌన్ బనాయేగా?” అని కసిరిందట కర్ఫ్యూ, మరి కుర్చీ ఎవరు చేస్తారని. బొమ్మకి కుర్చీ చేసి ఇచ్చాను. అప్పుడు మంచం కావాలంది. మంచం అవుతుండగా మందుల డబ్బా. నన్ను ఉండమని ఆవిడ ఏనాడూ అనలేదు. ఒకటి పూర్తవ్వగానే ఇంకొకటి చెప్పేది, అంతే. నేనూ ప్రతిదాన్నీ వీలైనంత సాగదీసి చేసేవాణ్ని. అలా సాగదీస్తూ సాగదీస్తూ అక్కడే మీసాలు పెంచుకున్నాను. బీజీ చనిపోయిన రోజుకి, ఆ బొమ్మ చేతికని మొదలుపెట్టిన అరంగుళం చాయ్ గ్లాసు సగంలో ఉంది.

ఇప్పుడు నాకు సొంతంగా చిన్న గది ఉంది. బొమ్మల చెప్పులు, బ్యాగులు, టోపీలు చేసి ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటాను. హిందీలో జోకులు కూడా వేస్తాను. ‘అర్జంట్’ అని పెద్ద అక్షరాలతో మెసేజీలు పెడతారు గానీ నాకు ఎవరన్నా భయం లేదు. అందుకేనేమో, కుట్లు అప్పటంత సన్నగా పడటం లేదు. ఆ పరదాల గదిలో ఊపిరి బిగబట్టి నిలబడ్డ కుర్రాడి చెవిలో, ఏం కాదురా, అని చెప్పాలనిపిస్తుంది ఒక్కోసారి. మళ్లీ వద్దులే అనుకుంటాను. కాసేపు వణకనీ వెధవని, పని నేర్చుకుంటున్నాడు.