మిస్డ్ కాల్ ఇస్తే చేపల కబురు

కొడవలూరు దగ్గర మూతబడిన ఒక రైసుమిల్లులో మా ఆఫీసు ఉండేది. నిజానికి అది మాది కాదు, ఇంక్యుబేటర్ వాళ్ళది. సొంతంగా టెక్నాలజీ కంపెనీ పెట్టుకోవాలనుకునే కుర్రకారుకు అక్కడ ఏడాదిపాటు బల్ల, కుర్చీ, ఇంటర్నెట్, అడిగితే సలహా చెప్పే పెద్దవాళ్ళు ఉచితంగా దొరికేవారు. జిల్లాలోని కొందరు కలిసి, లాభం ఆశించకుండా నడిపేవారు. గోడలకు సున్నం కొట్టించారు గానీ, ఫ్యాను వేస్తే ఎక్కడినుంచో ఇంకా తవుడు రాలి కీబోర్డు మీద పడేది.

నేనూ, నా స్నేహితురాలూ నెల్లూరులో ఇంజనీరింగ్ కలిసి చదివాం. చెన్నైలో రెండేళ్ళు ఉద్యోగం చేసి, మనసు కుదరక వెనక్కి వచ్చేశాం. జువ్వలదిన్నె రేవులో చేపలు కొని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముకునే ఆడవాళ్ళ కోసం యాప్ చేయాలని మా ఆలోచన. ఏ పడవ ఎప్పుడొస్తుంది, ఏ చేప తెస్తుంది అన్నది వాళ్ళకు ముందే తెలియాలి. ఒడ్డు ఇంకా గంట దూరం ఉండగానే పడవలకు సిగ్నల్ అందుతుంది. అప్పుడు పడవలో వాళ్ళు వివరాలు నొక్కితే చాలు.

ఇంక్యుబేటర్‌ను నడిపే మేడం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మేం చెప్పిందంతా విని, ఒకటే అడిగారు.

"రేవుకు ఎన్నిసార్లు పోయినారు?"

"రెండుసార్లు మేడం."

"ఎంతసేపు ఉన్నారు?"

నా స్నేహితురాలు నా వంక చూసింది. రెండుసార్లూ కలిపితే ఒక పూట కూడా కాదు.

"వారం రోజులు పోయి ఊరికే కూర్చోండి. ఆ తర్వాత యాప్ రాయండి," అన్నారు మేడం.

సరేనని తలూపాం. పోలేదు. మూడు నెలలు గదిలోనే కూర్చుని యాప్ తయారుచేశాం. చేపల బొమ్మలు నా స్నేహితురాలే గీసింది. వంజరం బొమ్మకు ఎంత మెరుపు తెచ్చిందంటే, పక్క బల్లల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

ఒక ఉదయం స్కూటర్ మీద జువ్వలదిన్నె వెళ్ళాం. రేవులో ఆడవాళ్ళు ఖాళీ గంపలు ముందు పెట్టుకుని షెడ్డు నీడలో కూర్చుని ఉన్నారు. వాళ్ళలో యాభై ఏళ్ళ ఒకామె అప్పుడే వచ్చిన చిన్న పడవ దగ్గర చేపలు ఏరుతోంది. మిగతావాళ్ళు ఆమెను అడిగే బేరం మొదలుపెడుతున్నారని గమనించి, ఆమె దగ్గరికే వెళ్ళి ఫోను చేతికిచ్చాను.

ఆమె వేలు పెట్టింది. చెయ్యి తడి. తెర ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఎగిరింది. కొంగుకు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. చేపపొలుసు ఒకటి వంజరం బొమ్మ మీద అంటుకుంది. దాన్ని గోటితో గీకబోతే యాప్ మూసుకుపోయింది, ఇంకేదో తెరుచుకుంది, ఫోను ఎవరికో వెళ్ళిపోయింది.

"హలో," అన్నది అవతలి గొంతు. మా మేడం.

"ఎవురు?" అన్నది ఈమె.

"నువ్వెవరమ్మా?"

"జువ్వలదిన్నె రేవులో చేపలమ్మే దాన్ని. ఇద్దరు పాపలు వచ్చినారు. ఫోనిచ్చి ఏందో నొక్కమంటావుండారు. నా చేతులు చూస్తే నీళ్ళు."

ఫోను లాక్కోలేక, నిలబడలేక, మేమిద్దరం సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాం. వాళ్ళిద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. చివరికి ఆమె ఫోను నా చేతికి తిరిగిస్తూ, "మీ మేడం మిమ్మల్ని వారం దాకా రావొద్దనింది. ఈడనే ఉండమనింది," అన్నది.

ఈసారి ఉన్నాం. వారమంతా రోజూ పొద్దున్నే వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాం. రెండో రోజే ఆమెను అక్కా అనడం మొదలుపెట్టాం. గంప తలకెత్తడానికి చెయ్యి వేశాం, ఐసు మోశాం, మా బట్టల వాసనకు ఇంట్లో తిట్లు తిన్నాం.

"పడవ ఎప్పుడొస్తాదో తెలిస్తే బిడ్డలకి ఇంత అన్నం పెట్టి వస్తాం," అన్నది అక్క ఒకరోజు. "తెలీకనే తెల్లారేతలికి వచ్చి ఈడ పడుంటాం."

"నీకు ఫోన్లో ఏమేం వచ్చక్కా?" అని అడిగాను.

తన బటన్ల ఫోను నడుము నుంచి తీసి చూపించింది. "ఫోను ఎత్తేది, పెట్టేసేది. మిస్డ్ కాల్ ఇచ్చేది. ఇంకేం కావాల?"

మిల్లుకు తిరిగొచ్చి మూడు నెలల పని పక్కన పెట్టేశాం. నాకు ఏడుపొచ్చినంత పనయింది. నా స్నేహితురాలు తను గీసిన బొమ్మలు మాత్రం చెరపలేదు. కొత్త ఏర్పాటు చాలా చిన్నది. సిగ్నల్ అందగానే పడవల వాళ్ళు ఫోను చేస్తే, ఏ చేపకు ఏ అంకె నొక్కాలో ఒక గొంతు చెబుతుంది, వాళ్ళు నొక్కుతారు. ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళు ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే, వెంటనే ఫోను తిరిగి వచ్చి ఏ పడవ, ఏ చేప, ఎంతసేపట్లో అన్నది చెబుతుంది.

మొదట కంప్యూటరు గొంతు పెట్టాం. "ప్రియమైన వినియోగదారులారా" అని అది మొదలుపెట్టేసరికి, ఏదో ప్రకటన అనుకుని రేవంతా ఫోన్లు పెట్టేసింది. అప్పుడు అక్క గొంతే రికార్డు చేద్దామన్నారు మేడం.

అక్క బస్సులో వచ్చింది. మేం రాసిచ్చిన వాక్యాలను మనవరాలి దగ్గర వల్లెవేసి వచ్చిందట, బడిపిల్ల పద్యం ఒప్పజెప్పినట్టు చెప్పింది. మేడం ఆ కాగితం తీసి పక్కన పెట్టారు.

"నేను నీ చెల్లెల్ని అనుకో. ఇంటికాడ ఉండాను. రేవుకు రమ్మని పిలువు."

అక్క కొంచెం ఆలోచించింది. "మ్మే, వంజరం వస్తావుండాది. గంటలో ఒడ్డుకొస్తాది. గంపెత్తుకోని బయల్దేరు," అన్నది. గదిలో అందరం చప్పట్లు కొట్టాం. ఆ ముక్కే ఉంచాం. మిగతా చేపలకూ, పడవలకూ, నొక్కాల్సిన అంకెలకూ అలాగే చెప్పించాం.

ఏడాది చివర మిల్లు కళ్ళంలో షామియానా వేసి, పెట్టుబడి పెట్టేవాళ్ళ ముందు ఒక్కొక్క జట్టు చేత మాట్లాడించారు. మా వంతు వచ్చినప్పుడు ముందు వరసలో ఒకాయన అడిగాడు, పెద్ద కంపెనీ ఏదైనా ఇదే చేస్తే మీ గతేమిటని. మేం జవాబు చెప్పేలోపే వెనక కుర్చీలో ఉన్న అక్క లేచింది.

"చేసుకోనీండి సార్. మా ఆడోళ్ళకి తెలిసిన గొంతు కాకుంటే రెండో మాట వినరు, పెట్టేస్తారు."

ఆయన నవ్వి, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. ఆ తర్వాత రెండు నెలలకు ఆయనే మాకు మొదటి పెట్టుబడి పెట్టాడు.

ఇప్పుడు మేం కావలిలో ఒక గదిలో ఉంటున్నాం. మరో నాలుగు రేవులకు మా ఫోను పోతోంది. ఏ రేవుకు ఆ రేవు ఆడమనిషి గొంతే. పడవల వాళ్ళు నొక్కాల్సిన అంకెలు చెప్పే గొంతు మాత్రం అన్నిచోట్లా అక్కదే. ఆమె భర్త కూడా పడవలో పోతాడు.

మొన్న కలిసినప్పుడు ఆయన ఎలా ఉన్నాడని అడిగాను.

"బాగుండాడు," అన్నది. "ఇంట్లో నేను చెప్తే ఒక్కటీ వినడు పాపా. సముద్రంలో ఉంటే మాత్రం, ఒకటి నొక్కంటే ఒకటి నొక్కతాడు, రెండు నొక్కంటే రెండు నొక్కతాడు."