డెబ్బై ఒక్క డిగ్రీల మూత

1984 మే 8వ తేదీ ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, జగ్గయ్యపేటలోని మా వంటింట్లో, అమ్మ పప్పు వండే గిన్నెలో రెండు థర్మోస్టాట్లు వేసి నీళ్లు కాచడం మొదలుపెట్టాను.

అన్నయ్యకు అద్దెకు తిప్పే కారు ఒకటి ఉండేది. బస్సు కన్నా ముందు విజయవాడ చేరాలన్న పట్టుదలతో దాని ఇంజనుకు రెండు కార్బురేటర్లు పెట్టించి, సిలిండర్ల పైనుండే హెడ్డు అరగదీయించి, బలం పెంచాడు. బలంతోపాటు వేడీ పెరిగింది. ఎండాకాలంలో నందిగామ దాటితే చాలు, రేడియేటరు మరిగేది. ఇంజను కొంత వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనీయకుండా ఆపి, ఆపైన తెరుచుకునే చిన్న మూతే థర్మోస్టాట్. కారులో ఉన్నది ఎనభై రెండు డిగ్రీలది. డెబ్బై ఒకటికే తెరుచుకునేదాన్ని నేను విజయవాడలో వెతికి తెచ్చాను. మా వైపు డ్రైవర్లు చాలామంది అసలు ఆ మూతనే పీకి పారేసేవారు. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. పీకి పారేయడం నాకు అవివేకంగా తోచింది.

కాలేజీ ప్రయోగశాలలో అడిగి తెచ్చిన థర్మామీటరును గిన్నెలో నిలబెట్టాను. అన్నయ్య, మూత బిగించడానికి నందిగామ నుంచి వచ్చిన మెకానిక్కు, ఇద్దరూ వంగి చూస్తున్నారు.

“పప్పు కాదు కదరా అది, ఇంకెంతసేపు ఉడకబెడతావ్?” అంది అమ్మ.

డెబ్బై ఒకటి దగ్గర కొత్తది తెరుచుకుంది. పాతది కదలలేదు.

“మావాడు డిగ్రీ ఊరికే చదివాడనుకున్నావా మేస్త్రీ?” అన్నాడు అన్నయ్య.

నీళ్లు మరగసాగాయి. మెకానిక్కు మళ్లీ చూశాడు.

“ఇప్పుడు రెండూ తెరుచుకునే ఉన్నాయి కదండీ సారూ. బండి మరిగేటప్పుడూ ఇంతేగా. ఇంక ఏది పెడితే ఏంటండి తేడా? ఆ గిన్నె అంచు చూడండి, తెల్లగా గార కట్టింది. ఈ సున్నం నీళ్లే కదా ఏళ్ల తరబడి రేడియేటర్లో పోస్తున్నారు. రెండ్రోజులు షెడ్డులో వదలండి, విప్పి కడుగుతా.”

అన్నయ్యకు అంత వ్యవధి లేదు. మా వీధిలోని బడిపంతులుగారి భార్యకు మర్నాడు పదకొండింటికి విజయవాడలో ఆపరేషను. వేళకు చేరుస్తానని పంతులుగారికి అన్నయ్య మాట ఇచ్చాడు.

“నువ్వే చెప్పు తమ్ముడూ. ఇది మారిస్తే చాలా, వాళ్లని బస్సుకి పొమ్మననా?”

మెకానిక్కు చెప్పినది నిజమని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. కానీ చదువులేని మనిషి ముందు నా ప్రయోగం వ్యర్థమని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

“మారిస్తే చాలు. ఇంజను వేడి డెబ్బై ఒకటి దాటదు,” అన్నాను.

మెకానిక్కు కొత్తది బిగించి వెళ్లాడు.

మర్నాడు నేనూ వారితో బయలుదేరాను. కీసర దగ్గర బానెట్టు కింద నుంచి ఆవిరి లేచింది. ఇంజను ఆగిపోయింది. అన్నయ్య రోడ్డుకు అడ్డం నిలబడి, వెనక వస్తున్న బస్సును ఆపాడు.

“బస్సు కన్నా ముందన్నావుగా అబ్బాయ్,” అంది పంతులుగారి భార్య, పొట్ట పట్టుకుని మెల్లగా దిగుతూ. “కీసర దాకా ముందే వచ్చాంలే.”

ఆమె ఆసుపత్రికి చేరేసరికి వేళ దాటిపోయింది. ఆపరేషను మరో వారానికి వాయిదా పడింది. ఆ వారం పొడుగునా ఆమె నొప్పితో మూలగడం మా వసారాలోకి వినిపించేది.

“తప్పు నాది అన్నయ్యా,” అన్నాను ఆ రోజు బస్సు కదలగానే, ఆ రోడ్డు మీదే.

“సర్లేరా. ఎండలో నిలబడకు.”

కారును తాడు కట్టి నందిగామకు లాగించాము. మెకానిక్కు రేడియేటరు విప్పి, సున్నంతో పూడుకుపోయిన గొట్టాలను మా ముందు పెట్టాడు. నన్ను నాలుగు మాటలు అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

ఆ తరువాత అన్నయ్య మామూలు హెడ్డు, ఒకే కార్బురేటరు వేయించి, బస్సుల వెనకే నడిపాడు. ఏటా వేసవికి ముందు రేడియేటరు కడిగించేవాడు. కారు విషయంలో గానీ, మరే విషయంలో గానీ నా సలహా మళ్లీ అడగలేదు.