చింతపండు బస్తాల మీద చిరుత

అటవీ శాఖ కార్యాలయంలో నేను చూసేది పింఛన్ల పని. ఇరవై రెండేళ్లుగా అడవిని కాగితాల మీదే చూశాను. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి నగరానికి వచ్చి ఛత్రినాకలో అద్దెకు దిగినప్పటి నుంచీ ఈ సంగతి చెబుతూనే ఉన్నాను, గల్లీలో ఒక్కరూ నమ్మలేదు. ఎవరింట్లో కోతి దూరినా నా తలుపే తట్టేవారు.

మా ఇంటి ఓనరు చింతపండు టోకు వ్యాపారి. అందరూ సేఠ్ అంటారు, నేనూ అంతే. ఒక పొద్దున నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే, చెప్పులు కూడా లేకుండా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఫోను.

“మేడం, గిదేందో జర చూడుండ్రి.”

ఊరి బయట గుట్టల పక్కన ఆయనకో గోదాము ఉంది. అక్కడి కెమెరా దృశ్యం అది. రేకుల కింద చింతపండు బస్తాల మీద ఒక చిరుత, అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా కాళ్లు చాపుకుని పడుకుంది.

“చిరుతండీ,” అన్నాను.

“పులి కాదు గద?”

“కాదు, చిరుతే.”

“నయం,” అని గోడకు ఆనుకున్నాడు. ఏం నయమో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే రేంజ్ ఆఫీసరు బయల్దేరాడు. “మీరు రాకుంటే నేను రాను మేడం,” అని సేఠ్ మొండికేశాడు. సగం రోజు సెలవు పెట్టి, గంజి పెట్టిన చీరతో, హ్యాండ్‌బ్యాగుతో కారెక్కాను. మేం చేరేసరికి చిరుత గుట్టల్లోకి వెళ్లిపోయింది. వాచ్‌మన్ భార్య నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని, తాముండే రేకుల గది ముందు నిలబడి ఉంది.

“మొన్న మా కుక్కను ఎత్తుకపోయింది. రేపు నా బిడ్డ మీద పడితే ఏం జెయ్యాలె?” అంది. దారి పొడుగునా సేఠ్‌ను ఆటపట్టిస్తూ వచ్చిన దాన్ని, నోరు మూసుకున్నాను.

ఆఫీసరు చుట్టూ తిరిగి, ప్రహరీ వెనక ఎవరో పారబోసిన కోడి వ్యర్థాల గుట్టను చూపించాడు. “దీనికోసం కుక్కలొస్తున్నాయి, కుక్కల కోసం అదొస్తోంది. ముందు ఇది తీయించండి. బోను కూడా పెడతాం. దాంట్లోకి ఒక మేక కావాలి.”

సేఠ్ ముఖం పాలిపోయింది. ఆయన ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. “నా గోదాముల జీవహత్యనా సార్?”

మేకకు వేరే అర ఉంటుందనీ, చిరుతకు దాన్ని తాకే వీలుండదనీ ఆఫీసరు చెప్పాడు. బోను వచ్చాక సేఠ్ దాని ఊచలను పావుగంట సేపు ఊపి చూసి, అప్పుడు తలూపాడు. మేకను తానే ఎంచి తెచ్చాడు. శనగలు తానే పెట్టాడు.

ఐదు రోజులు సేఠ్, ఆయన భార్య, నేను పొద్దున్నే చాయ్ తాగుతూ ఆ ఫోనులోకే చూశాం. చిరుత తెల్లవారుజామున వచ్చేది. బోను చుట్టూ తిరిగి మేక ముందు కాసేపు కూర్చునేది. మేక నెమరేస్తూనే ఉండేది. విసుగొచ్చి చిరుత బస్తాల మీదికి పోయేది.

“మా మేకను జూసి సిగ్గుపడుతున్నది,” అన్నాడు సేఠ్ గర్వంగా.

ఈలోగా వ్యర్థాల గుట్టను ఎత్తించేశారు. కుక్కలు తగ్గాయి. ఆరో రోజు నుంచి చిరుత రాలేదు. ఆఫీసరూ మేమూ గోదాము దగ్గర బోను ఉంచాలా తీయాలా అని మాట్లాడుకుంటుంటే వాచ్‌మన్ భార్య ముందుకొచ్చింది.

“సార్, దీన్ని పట్టుకపోతే గుట్టల నుంచి ఇంకోటి రాదా? బోను సంగతి మీరు చూసుకోండ్రి. నాకైతే గదికి మంచి తలుపు కావాలె. బాత్రూము లోపటనే కావాలె. చీకట్ల బిడ్డను తీసుకొని బయటికి పోవుడు నాతోని కాదు.”

సేఠ్ తల దించుకున్నాడు. ఆ వారమే మేస్త్రీ వచ్చాడు. బోను వెళ్లిపోయింది.

మేక మాత్రం ట్రాలీ ఆటోలో ఛత్రినాక వచ్చింది. అవి బోనాల రోజులు. గల్లీలో ప్రతివాడూ దాన్ని తడిమి చూసేవాడే.

“మస్తుంది సేఠ్. ఎన్నడు కోస్తున్నరు?”

“పులికే దక్కలే భాయ్, నీకు దక్కుతదా?” అనేవాడు. ఇప్పుడది మేడ మీద ఉంటుంది. నా కరివేపాకు మొక్కను రెండుసార్లు మొదలంటా తినేసింది. ఫిర్యాదు చేస్తే, “మీ డిపార్ట్‌మెంట్ జానవరే గద మేడం,” అంటాడు.

రెండు నెలల తర్వాత వాచ్‌మన్ భార్య ఫోన్ చేసింది.

“మేడం, ఇయ్యాల పొద్దుగాల గుట్ట మీద కనవడ్డది.”

“భయపడ్డావా అమ్మా?”

“మొదలు గుండె దడదడ అన్నది. బిడ్డను లోపటికి పిలిచి తలుపేసిన. కిటికీలకెళ్లి ఇద్దరం చూసినం. గట్లనే బండ మీద ఎండకు కూసున్నది.” మళ్లీ తనే, “జర బక్కగైంది మేడం,” అంది.

కుక్కను పోగొట్టుకున్న మనిషి గొంతులో జాలి వినబడింది. తర్వాత ఎటు వెళ్లిందని అడిగాను.

“గటు దిక్కు,” అంది, నేను ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నట్టు.