తాడు మీద కూర్చున్న మనిషి

నేను రాయబోయే దాంట్లో ప్రతి అక్షరం నిజం. ఇన్నేళ్లుగా నాకు కూడు పెడుతున్న నల్లబల్ల మీద ఒట్టు. మా ఆవిడ నా ఒట్లను నమ్మదు. మీరు నమ్మండి, మీకు నాతో ఇంకా పరిచయం తక్కువ.

1943, పీర్ల పండుగ సెలవులు. నల్లగొండలో సైన్సు పంతులుగా ఉన్న నేను కేతేపల్లిలో అత్తగారింట్లో దిగాను. ఆ రోజుల్లో సైన్సు పంతులు ఊళ్లోకి వచ్చాడంటే దవాఖాన నడిచి వచ్చినట్టే. ఒకరు ఆగిపోయిన గడియారం తెచ్చేవారు, ఒకరు కాలు విరిగిన గొర్రెను తెచ్చేవారు. నర్సింహ మాత్రం లెక్కలు తెచ్చాడు.

అతడు హైదరాబాదులో కాలేజీ మొదటి సంవత్సరం. తండ్రి మల్లయ్య, ఊరి పటేలు బావి దగ్గర ఎద్దులతో నీళ్లు తోడే మోట తోలేవాడు, సొంతానికి గుంట భూమి లేదు. పిల్లవాడి చదువంతా వజీఫా మీద, అంటే సర్కారు ఇచ్చే విద్యార్థి వేతనం మీద నడుస్తోంది. భౌతికశాస్త్రంలో అప్పటికే రెండు పరీక్షలు తప్పాడు. మూడోదీ తప్పితే వజీఫా ఆగుతుంది, చేతికి ఎద్దుల పగ్గం వస్తుంది.

పుస్తకం ఉర్దూలో ఉంది. గిలకను చర్ఖీ అనేవారు, తాడులోని బిగువును తనావ్ అనేవారు. లెక్క చాలా చిన్నది. చర్ఖీ మీదుగా వేసిన తాడుకు ఒక చివర మూడు వందల పౌండ్ల బరువు వేలాడుతోంది. దాన్ని ఒకే వేగంతో పైకి లాగాలంటే రెండో చివర ఎంత బలం పెట్టాలి? రాపిడి లేదనుకోండి. జవాబు మూడు వందలే. నర్సింహ నూట ఎనభై అన్నాడు. నాలుగు వందలు ఇస్తే రెండు వందల ఎనభై అన్నాడు. ఐదు వందలకు మూడు వందల ఎనభై.

లెక్క రానివాడు రోజుకొక రకంగా తప్పుతాడు. ఇతడు ప్రతిసారీ సరిగ్గా నూట ఇరవై తగ్గించి తప్పుతున్నాడు. అంత క్రమశిక్షణ గల తప్పును నేను మళ్లీ చూడలేదు.

"ఎట్ల చేసినవ్‌రా?" అని అడిగాను.

"ఏమో సారు. బొమ్మ గీయంగనే గట్లనే అనిపిస్తది."

మూడు రోజులు పోయాయి. నాలుగో రోజు అతణ్ణి వెంటబెట్టుకొని మల్లయ్య మోట దగ్గరికే వెళ్లాను. ఆ గిలక పాటకు మూసీ అవతలి పసిపిల్లలు కూడా నిద్రపోయేవారు. పిల్లవాడి లెక్క ఒప్పయితే ఎడమ ఎద్దు తల ఊపేది. తోలు బొక్కెన బావిలో నిండగానే ఎద్దులు వాలులో కిందికి నడుస్తాయి. అప్పుడు తోలేవాడు ఎగిరి తాడు మీద కూర్చుంటాడు. అతని బరువు ఎద్దులకు సాయం. వాలు చివర దిగిపోయి, ఎద్దులను వెనక్కి నడిపిస్తాడు. పొద్దు పొడిచింది మొదలు మల్లయ్య చేసే పని అదే.

"గిలక, తాడు, బరువు గీయి" అని నర్సింహకు పుల్ల ఇచ్చాను. మట్టిలో గీశాడు. గీసి, ఏమీ ఆలోచించకుండానే తాడు నడుమ ఒక చుక్క పెట్టాడు.

"గా చుక్క ఏంది?"

అతడూ దాన్ని అప్పుడే చూసినట్టు చూశాడు. ఎద్దులను ఆపి వచ్చిన మల్లయ్య మా ఇద్దరి మధ్యకు వంగాడు.

"నేనే గద సారు. ఆడ్నే గద కూసుంట."

"నీ బరువెంత మల్లయ్యా?"

"నాకేమెరుక?"

నర్సింహ తల దించుకునే చెప్పాడు. "నూటిరువై పౌండ్లు సారు. బాపుకు జెరమొచ్చినప్పుడు దవాఖానల జోకిండ్రు."

"లెక్కల ఎవ్వరు కూసున్నరని రాయలే గదరా."

"కూసోకుంటే ఎద్దులు గుంజుతయా సారు? నాకు తాడంటె బాపు ఉంటడు."

తాడు ఏటవాలుగా ఉంటే మనిషి బరువంతా సాయానికి రాదని, కొంతే వస్తుందని చెప్పాను. ఆ సంగతి తనకూ తెలుసన్నాడు. "బాపును తక్కువ చెయ్య బుద్ధి కాలే" అన్నాడు.

మల్లయ్య ఆ చుక్క పక్కన వేలు పెట్టాడు. "నేను ఆడ ఉంటె పిలగాడు తప్పుతడా సారు?"

"తప్పుతడు."

"అయితే దిగిన బిడ్డా. దిగిన్ననుకో" అని నవ్వి, అరచేత్తో ఆ చుక్కను చెరిపేశాడు.

ఆ సాయంత్రం నర్సింహ పదకొండు లెక్కలు చేశాడు, ఒక్కటీ తప్పలేదు. కాకపోతే ప్రతి బొమ్మలో తాడు నడుమకు వచ్చేసరికి అతని పెన్సిలు కొంచెం ఆగేది. మూడో పరీక్ష గట్టెక్కాడు.

అప్పటినుంచి ఏ పిల్లవాడైనా ఒకే తప్పు మళ్లీ మళ్లీ చేస్తే నేను దిద్దను. ముందు అతనికి ఏం కనబడుతోందో అడుగుతాను. "రాపిడి లేదనుకోండి" అనే మాటను కూడా నెమ్మదిగా అంటాను. ఏది లేదనుకోమంటున్నామో, అది ఎవరి ఇంట్లో ఎంత బరువుందో మనకు తెలియదు.

ఒట్టు పెట్టాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఎద్దు తల ఊపడం నిజమే, ఈగలు వాలినా ఊపేదనుకోండి. నేను కల్పించింది మల్లయ్య నవ్వును. అతడు నవ్వలేదు. చుక్క చెరిపి, చేతికంటిన మట్టిని దులుపుకోకుండా నిలబడ్డాడు. ఈలోగా ఎద్దులు వాటంతటవే వాలు దిగబోయాయి. పరుగున వెళ్లి తాడెక్కి కూర్చున్నాడు.