సక్రుకు పైత్యం అన్నారు

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసే మా ముఠాలో, లారీ పైవరస వేయాలంటే సక్రునే పిలిచేవాళ్లం. లారీకి ఆనించిన పొడుగాటి చెక్క మీద బస్తాతో నడిచి ఎక్కాలి. చెక్క ఊగుతుంటుంది. మేమంతా కాలు తడుముకుంటూ ఎక్కితే, సక్రు ఎవరితోనో మాట్లాడుతూనే ఎక్కిపోయేవాడు. వాడిది త్రిపురారం దగ్గర తండా. పెళ్లయిన కొత్తలో తాగి కొడితే భార్య రంగి పుట్టింటికి పోయింది. బతిమాలి తెచ్చుకున్నాక సారా ముట్టలేదు.

తొంభైల మొదట్లో ఒక చలికాలం వాడికి తలనొప్పి మొదలైంది. పొద్దున లేస్తూనే నొప్పి. దగ్గినా, వంగినా తల పగిలిపోతుందనేవాడు. తువ్వాల నుదుటికి బిగించి కట్టుకొని పనికి వచ్చేవాడు. మిల్లు గోడ పక్కకు పోయి ఒక్కసారిగా భళ్లున కక్కేవాడు. కక్కాక కాసేపటికి నొప్పి దిగేది. మొహం కడుక్కొని బస్తా ఎత్తుకునేవాడు.

"పైత్యం రా. అంత బయటపడితే అదే తగ్గుతది" అన్నాం అందరం. మాకు తెలిసింది అంతే. పొద్దున కక్కితే పైత్యం.

మాడుగులపల్లి దిక్కు పసరు పోసే ముత్తమ్మ ఉండేది. నేనే వెంటబెట్టుకొని పోయాను. ఏదో ఆకు నూరి ముంతలో పోసి ఇచ్చింది. తాగీ తాగకముందే పచ్చగా కక్కాడు.

"సూసినవా, ఎంత పేరుకున్నదో! గింత పెట్టుకొని ఎట్ల తిరిగినవ్ కొడుకా?" అంది ముత్తమ్మ.

"తలనొప్పి దిగింది అవ్వా" అన్నాడు సక్రు.

నిజంగానే దిగింది. అదే మమ్మల్ని ముంచింది. దిగకపోయి ఉంటే ఇంకో దిక్కు చూసేవాళ్లం. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ముత్తమ్మ దగ్గరికి పోయేవాడు. పసరు తాగిన రోజు బాగుండేది. ఆ ఒక్క రోజును చూసుకొని చలికాలమంతా గడిపేశాడు.

ఎండలు ముదిరేసరికి నడక మారింది. ఒకరోజు చెక్క దగ్గర బస్తాతో అలాగే నిలబడిపోయాడు.

"ఏందిరా, ముహూర్తం సూస్తున్నవా?" అన్నాడు మా మేస్త్రి నర్సయ్య.

"మేస్త్రీ, రెండు చెక్కలేసిన్రేంది?"

ముఠా అంతా పడీపడీ నవ్వింది.

"ఏసింది ఒక్కటే. నీ లోపట పడ్డయే రెండు సారా ప్యాకెట్లు!" అన్నాడు నర్సయ్య.

"నేను తాగనని నీకెర్క లేదా?"

"ఎర్కనే. రంగికి కూడ గట్లనే చెప్పు పో."

సక్రు ఒక కన్ను మూశాడు. అప్పుడు ఒక్క చెక్కే కనిపించిందట. అలాగే ఎక్కాడు. ఆ రోజు నుంచి ఒక కన్ను మూసుకునే బస్తాలు మోశాడు.

రంగి కూడా నమ్మలేదు. నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసిందట. "వాసన రాలే జానయ్యన్నా. అయినా తూలుతుండు. యాడ తాగుతుండో ఏమో" అని నా దగ్గర ఏడ్చింది.

వంగి లేచినప్పుడల్లా కళ్ల ముందు అంతా మాయమవుతోందని వాడు చెప్పాక, అద్దాలు రాయించుకుందామని రంగితో కలిసి ముగ్గురం సూర్యాపేటలో ఒక కళ్ల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన చుక్కలు వేసి, లైటు పెట్టి, చాలాసేపు చూశాడు.

"తలనొప్పి పొద్దున ఎక్కువ ఉంటుందా? వాంతి అయ్యాక తగ్గుతుందా?"

"ఔ సారూ. పైత్యం" అన్నాడు సక్రు.

"పైత్యం కాదు. మెదడు చుట్టూ నీళ్లు ఉంటాయి. అవి పోయే దారికి ఏదో గడ్డ అడ్డం పడ్డట్టుంది. నీళ్లు పేరుకుంటున్నాయి. కడుపైతే ఉబ్బుతుంది. పుర్రె ఎముక కదా, ఉబ్బదు. లోపలున్న మెదడునే నొక్కుతుంది. వాంతులు, తూలడం, రెండుగా కనపడటం, అన్నీ దానివే. వాంతి తర్వాత కాసేపు తగ్గుతుంది కాబట్టి అందరూ కడుపు రోగం అనుకుంటారు. కంటి వెనక నరాలు బాగా ఉబ్బి ఇప్పటికే పాలిపోతున్నాయి."

"అద్దాలు రాయవా సారూ?" అంది రంగి.

"అద్దాలతో పోదమ్మా. ఇవాళే పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోండి. ప్రాణం దక్కొచ్చు. చూపు సంగతి చెప్పలేను."

బయటికి వచ్చాక సక్రు నవ్వబోయాడు. "సూస్తివా రంగీ, నేను తాగలే." రంగి చేతిలో మూట కింద పెట్టి వాడి చెయ్యి పట్టుకుంది. బస్టాండు దాకా వదల్లేదు.

పట్నంలో తలకు రంధ్రం చేసి, ఆ నీళ్లు దిగిపోయేలా చర్మం కింద నుంచి కడుపులోకి గొట్టం వేశారు. గడ్డ లోతుగా ఉంది, తీయలేమన్నారు. బరువు ఎత్తొద్దన్నారు. తలనొప్పి పోయింది, వాంతులు పోయాయి. చూపు మాత్రం మసకబారుతూ వానలు పడేనాటికి పూర్తిగా ఆరిపోయింది.

కోతలు అయిపోయి మిల్లుకు వడ్లు రావడం మొదలయ్యాక, రంగి వాడిని బస్సెక్కించి మా దగ్గరికి తీసుకొచ్చింది. బస్తాల చప్పుడు వినగానే వాడి మొహం విప్పారింది.

"మేస్త్రీ, ఈపు గట్టిగనే ఉన్నది. కండ్లే పోయినయ్."

"బరువు ఎత్తొద్దన్నరట గదరా" అన్నాడు నర్సయ్య నేల చూస్తూ.

"ఎత్తకుంటే ఏం దింటం? జానయ్యన్న ముందు నడుస్తడు. ఆయన భుజం పట్టుకొని ఎక్కుత. ఏమంటవ్ అన్నా?"

నేను పోయి వాడి ముందు నిలబడ్డాను. సక్రు బస్తా ఎత్తుకున్నట్టే నడుము వంచాడు. అలవాటు కొద్దీ రెండు చేతులూ తల వెనక్కి పోయి, లేని బస్తా మూలలను పట్టుకున్నాయి. ఒక చేయి విడిపించి నా భుజం మీద వేశాడు. వెంటనే తీసేసి మళ్లీ వెనక్కి పెట్టాడు. క్వింటాలు బస్తాను ఒంటి చేత్తో ఎవడూ ఆపలేడు. అది వాడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కాసేపు అలాగే వంగి ఉన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చెయ్యి సాల్తలేదన్నా" అన్నాడు.

రంగి వచ్చి వాడిని నిటారుగా నిలబెట్టి గేటు దిక్కు నడిపించింది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. నేను నా బస్తా ఎత్తుకున్నాను.